విలీన ప్రాంతాల్లో లైసెన్సులు, ప్లాన్లు, తనిఖీలు: విశాఖలో ఏ పద్ధతి దేనికి నప్పుతుంది

ఊరు కార్పొరేషన్‌లో కలిసిన మర్నాడు కంటికి కనిపించే మార్పు పెద్దగా ఉండదు. చెత్త బండి అదే, కుళాయి నీళ్లు వచ్చే వేళా అదే. కిరాణా కొట్టు లైసెన్సుకీ, ఇంటి ప్లానుకీ, హోటల్ తనిఖీకీ, అక్రమ కట్టడం మీద ఇచ్చే నోటీసుకీ వర్తించే చట్టం మాత్రం ఆ ఒక్క రాత్రిలో మారిపోతుంది. సంతకం పెట్టే అధికారి మారతాడు, రుసుముల పట్టిక మారుతుంది, అప్పీలుకు వెళ్లాల్సిన చోటు మారుతుంది. దీనికి ముందే ఏర్పాటు చేసుకోకపోతే జనం ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

విశాఖపట్నానికి ఇది రెండుసార్లు జరిగింది. 2005లో గాజువాక పురపాలక సంఘం, 32 గ్రామాలు కలిసి పాత కార్పొరేషన్ కాస్తా గ్రేటర్ విశాఖపట్నం మున్సిపల్ కార్పొరేషన్ (జీవీఎంసీ) అయింది. 2013లో భీమునిపట్నం (భీమిలి), అనకాపల్లి పురపాలక సంఘాలు వచ్చి చేరాయి. పాలకవర్గం గడువు 2012లోనే తీరింది. ఆ తర్వాత ఎన్నికలు 2021 మార్చిలో, 98 వార్డులకు జరిగాయి. అంటే భీమిలి, అనకాపల్లి సర్దుకోవాల్సిన తొలి ఏళ్లన్నీ ప్రత్యేకాధికారుల పాలనలోనే గడిచాయి. మా ప్రాంతానికి ఏది కావాలని అడిగే కార్పొరేటరు లేడు. విలీనాలు ఇక్కడితో ఆగవు కాబట్టి, వచ్చే విడతకైనా ఈ లెక్క తేల్చుకుని ఉండాలి.

ఇది జోన్ స్థాయిలో ఏర్పాట్లు నిర్ణయించేవాళ్ల కోసం, వాళ్లను నిలదీసి అడగాల్సిన కార్పొరేటర్లు, కాలనీ సంక్షేమ సంఘాలు, వర్తక సంఘాల కోసం రాసింది. నియంత్రణ సేవలను ప్రధాన కార్యాలయం నుంచి నడపాలా, జోన్లకు వదిలెయ్యాలా, రెండూ కలిపి నడపాలా అన్నదే ప్రశ్న. మా అభిప్రాయం ముందే చెబుతున్నాం. అన్ని సేవలకూ ఒకే జవాబు వెతకడం దగ్గరే తప్పు మొదలవుతుంది. ఒక్కో సేవకు విడిగా ఎంచుకోవాలి. ఏది ఎంచుకున్నా అంతకన్నా ముందు పాత రిజిస్టర్లు చేతికి రావాలి.

ముందు రిజిస్టర్లు

గ్రామ పంచాయతీ నడిచేది 1994 పంచాయతీరాజ్ చట్టం కింద. పురపాలక సంఘం నడిచేది 1965 చట్టం కింద. కార్పొరేషన్‌కు 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం. దాన్ని 1979లో విశాఖకు వర్తింపజేశారు. మూడు చోట్లా రిజిస్టర్లు రాసే తీరు వేరు. చిన్న పంచాయతీల్లో ఇంటి పన్ను డిమాండు, ప్లాన్లు, తీర్మానాలు చేతిరాత పుస్తకాల్లోనే ఉండేవి. అందులో ఒక్క పుస్తకం పోతే కొన్ని వందల ఇళ్లకు తమ ప్లాను సక్రమమని చూపించుకునే ఆధారమే పోతుంది.

విలీనం ఖాయమన్న మాట బయటికి పొక్కిన రోజు నుంచి పాత తేదీలతో ప్లాన్లు పుట్టుకొచ్చే ప్రమాదం ఉంది. పంచాయతీ రుసుము తక్కువ, చుట్టూ వదలాల్సిన ఖాళీ మీద పట్టింపు తక్కువ. పైగా కార్పొరేషన్ నిబంధనలు రాకముందే కట్టేద్దామన్న తొందర ఉంటుంది. అందుకని విలీన ఉత్తర్వు అమల్లోకి వచ్చే రోజున, సాయంత్రంలోగా ఈ పనులు పూర్తి కావాలి:

1. ప్రతి రిజిస్టర్లో చివరగా రాసిన వరుస కింద గీత గీసి, తేదీ, వేళ రాసి, అప్పగించే అధికారి, తీసుకునే అధికారి ఇద్దరూ సంతకం పెట్టాలి. మిగిలిన ఖాళీ పేజీలన్నిటి మీదా రద్దు ముద్ర పడాలి.
2. రసీదు పుస్తకాల్లో చివరి రసీదు నంబరు రాసుకోవాలి. వాడని పుస్తకాలు లెక్కపెట్టి వెనక్కి తీసుకోవాలి. ఈ ఒక్క పని మానేస్తే మిగతావి చేసినా ఫలితం ఉండదు.
3. పెండింగు దరఖాస్తుల జాబితా తయారుచేయాలి: దరఖాస్తు తేదీ, కట్టిన రుసుము, ఏ దశలో ఆగింది, ఏ కాగితం తక్కువైంది.
4. అదే వారంలో అన్నీ స్కాన్ చేయించి, అసలు పుస్తకాలను జోన్ రికార్డు గదికి చేర్చాలి.

తర్వాతి నెలలో ప్లాన్ల రిజిస్టరును నగదు పుస్తకంతో పోల్చాలి. ప్లాను ఇచ్చినట్టు రాసి ఉండి, రుసుము జమ కనిపించకపోతే అది అనుమానించాల్సిన ప్లాను. అలాగని వెంటనే రద్దు చేయకూడదు. యజమానికి నోటీసిచ్చి, అతని దగ్గరున్న రసీదు, బ్యాంకు రుణం తీసుకున్నప్పుడు ఇచ్చిన ప్లాను నకలు, కరెంటు సర్వీసు వచ్చిన తేదీ చూడాలి. నిజంగా కట్టుకున్నవాళ్లలో చాలామంది దగ్గర ఈ మూడింట్లో రెండైనా దొరుకుతాయి.

ఇంకో చిక్కు డోర్ నంబర్లు. ప్రతి ఊరికీ తన 1-1 ఉంటుంది. 32 ఊళ్లు కలిస్తే ఒకే నంబరుతో ఎన్నో ఇళ్లుంటాయి. కొత్త నంబర్లు వేశాక కూడా జనం నోట్లో, సేల్ డీడ్లలో పాతవే మిగులుతాయి. అందుకని రికార్డులు జతచేసేటప్పుడు డోర్ నంబరును గానీ పేరును గానీ ఆధారం చేసుకోవద్దు. ఒకే అప్పలనాయుడు పేరు మూడు దస్త్రాల్లో మూడు స్పెల్లింగులతో కనిపిస్తుంది, ఒకే వీధిలో నలుగురు అప్పలనాయుళ్లూ ఉంటారు. ఆస్తి పన్ను అసెస్‌మెంటు నంబరు, ఈపీడీసీఎల్ కరెంటు సర్వీసు నంబరు, ఆ స్థలం జీపీఎస్ గుర్తు: ఈ మూడింట్లో కనీసం రెండు కలిస్తేనే రెండు రికార్డులూ ఒకే స్థలానివని తేల్చాలి. కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చే ముందు ఏదో ఒక వరుసలో కాకుండా అక్కడక్కడా ఎంచిన 200 స్థలాలకు మనిషిని పంపి సరిచూడాలి. తప్పులు పది దాటితే మార్పిడి ఆపేయాలని మా సలహా. తప్పుడు సమాచారం ఒకసారి ఆన్‌లైన్ ఎక్కాక దాన్ని దిద్దించుకునే భారం మొత్తం పౌరుడి నెత్తిన పడుతుంది.

కార్పొరేషన్ చేతిలో ఉన్నవి, లేనివి

పోలిక మొదలుపెట్టే ముందు ఈ గీత స్పష్టంగా ఉండాలి. ట్రేడ్ లైసెన్సు, భవన ప్లాను, పారిశుద్ధ్య తనిఖీ, జనన మరణ నమోదు, వీధి వ్యాపారుల గుర్తింపు, ప్రకటన బోర్డులు, కబేళాలు కార్పొరేషన్‌వి. ఆహార లైసెన్సు 2006 ఆహార భద్రత చట్టం కింద రాష్ట్ర ఆహార భద్రత విభాగం ఇస్తుంది. కాటా మీద ముద్ర తూనికలు కొలతల శాఖది. అగ్నిమాపక ఎన్‌ఓసీ, కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి, కార్మిక శాఖ రిజిస్ట్రేషన్ వేటికవే వేరు. లేఅవుట్ల విషయంలో విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ (వీఎంఆర్‌డీఏ) ఉంది. 1978లో వచ్చిన వుడా స్థానంలో 2018లో ఏర్పడిన సంస్థ అది.

ట్రేడ్ లైసెన్సు ఉంది కదా, ఆహార లైసెన్సు ఎందుకని అడిగే హోటల్ యజమాని విలీన ప్రాంతాల్లో ఇప్పటికీ కనిపిస్తాడు. అతన్ని తప్పుబట్టి లాభం లేదు. పంచాయతీ కాలంలో అతను చూసింది ఒక్క కార్యదర్శిని. కౌంటరులో ఇచ్చే ఒకే కాగితం మీద ఏ వ్యాపారానికి ఎన్ని అనుమతులు, ఏ శాఖ, ఎక్కడ అన్నది తెలుగులో రాసి ఇస్తే సగం గొడవ తీరుతుంది.

మూడు పద్ధతులు

మొదటిది కేంద్రీకృత పద్ధతి. దరఖాస్తులన్నీ ఒకేచోట పరిశీలిస్తారు, నిర్ణయం ఒకేచోట జరుగుతుంది. లాభం నిజమైనదే. ఒకే నిబంధనకు గాజువాకలో ఒక అర్థం, మధురవాడలో మరో అర్థం చెప్పే వీలుండదు. స్ట్రక్చరల్ ఇంజినీరు, న్యాయ సలహాదారు లాంటి నిపుణులు నలుగురే ఉన్నప్పుడు వాళ్లను జోన్లకు పంచితే ఎవరికీ చాలరు. నష్టమల్లా దూరమే. భీమిలి నుంచి ప్రధాన కార్యాలయం ఉన్న ఆశీల్‌మెట్టకు దాదాపు 25 కిలోమీటర్లు, అనకాపల్లి నుంచైతే 30 దాటుతుంది. ఒక్క కాగితం తక్కువైందని వెనక్కి పంపితే చిన్న వ్యాపారికి ఒక రోజు బేరం పోయినట్టే. దరఖాస్తు ఆన్‌లైన్ అయినా ఈ దూరం పూర్తిగా తగ్గదు, ఎందుకంటే అభ్యంతరం వచ్చినప్పుడు మాట్లాడాల్సింది మనిషితోనే.

రెండోది జోన్ పద్ధతి. జోనల్ కమిషనర్ దగ్గరే అంతా తేలిపోతుంది. దారి తెలిసిన సిబ్బంది, త్వరిత నిర్ణయం. కానీ పాత పురపాలక సంఘం అలవాట్లు అలాగే కొనసాగుతాయి, జోనుకో రేటు, జోనుకో వెసులుబాటు తయారవుతాయి. పాత పరిచయాల ఒత్తిడి ఎక్కువ. ఒకే అధికారి దరఖాస్తు తీసుకుని, తనిఖీ చేసి, నిర్ణయించి, ఫిర్యాదు కూడా తనే వింటే అవినీతికి తలుపు బార్లా తెరిచినట్టే.

మూడోది మిశ్రమ పద్ధతి. దరఖాస్తు తీసుకోవడం, వివరాలు చెప్పడం వార్డు సచివాలయంలో, తనిఖీ జోన్‌లో, ప్రమాదం ఎక్కువున్న వాటి నిర్ణయం, నిబంధనల వివరణ, అప్పీలు ప్రధాన కార్యాలయంలో. విశాఖ లాంటి పొడవాటి నగరానికి ఇదే నప్పుతుందని మేము గట్టిగా నమ్ముతున్నాం. 2019 అక్టోబరులో మొదలైన వార్డు సచివాలయాల్లో ప్లానింగ్, పారిశుద్ధ్యం, ఎమినిటీస్ (వసతుల) కార్యదర్శులు ఉన్నారు. మనుషులు ఇంటి దగ్గరికే వచ్చారు. వాళ్ల పరిధి ఎంతవరకో రాతలో లేకపోవడమే లోటు. మిశ్రమ పద్ధతి చెడిపోయేదీ ఇక్కడే: ఫైలు మూడు మెట్ల మధ్య తిరుగుతూ, ఎక్కడ ఆగిందో ఎవరికీ తెలియని స్థితి. ప్రతి మెట్టుకూ రోజుల గడువు, ఆ గడువు దాటితే ఫైలు దానంతటదే పై మెట్టుకు వెళ్లే ఏర్పాటు ఉండాలి. ఆ రెండూ లేకుండా మిశ్రమ పద్ధతి పెట్టడం కన్నా కేంద్రీకృతమే మేలు.

ఏ సేవకు ఏది

ట్రేడ్ లైసెన్సుల్లో కార్పొరేషన్ చట్టం 521 సెక్షన్, పాత పురపాలక చట్టం 263 సెక్షన్ చేసే పని దాదాపు ఒకటే: ప్రమాదకరమైన, చుట్టుపక్కలవారికి ఇబ్బంది కలిగించే వ్యాపారాలకు లైసెన్సు ఉండాలనడం. బట్టల కొట్టు, స్టేషనరీ షాపు లాంటివాటికి రుసుము కట్టగానే లైసెన్సు రావాలి, తనిఖీ తర్వాత జరగాలి. గ్యాస్ సిలిండర్లు వాడే హోటళ్లు, టింబరు డిపోలు, వెల్డింగు షాపులు, పాత ఇనుము గోదాములు, బాణసంచా నిల్వలకు ముందు తనిఖీ, తర్వాతే లైసెన్సు. మొదటి రకం పూర్తిగా జోన్‌కు వదిలినా ఫరవాలేదు. రెండో రకంలో తనిఖీ చేసినవాడే లైసెన్సు మంజూరు చేయకూడదు. లైసెన్సు సాధారణంగా ఏప్రిల్ నుంచి మార్చి వరకు లెక్క కాబట్టి, ఏడాది మధ్యలో విలీనమైతే పాత లైసెన్సును మార్చి 31 వరకు గౌరవించాలి. రెండోసారి రుసుము అడిగారంటే ఆ వర్తక సంఘంతో నమ్మకం మొదటి నెలలోనే తెగిపోతుంది.

భవన ప్లాన్లకు కేంద్రీకృత నిర్ణయం మేలు, ఎందుకంటే ఇక్కడ స్థలాన్ని బట్టి చిక్కులు మారతాయి. భీమిలి తీరంలో సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ) నిబంధనలు, ఎర్రమట్టి దిబ్బల చుట్టూ రక్షణ నిబంధనలు, కంబాలకొండ అంచున అటవీ పరిమితులు, విమానాశ్రయం వైపు ఎత్తు మీద నేవీ అభ్యంతరాలు, వేపగుంట, అడవివరం వైపు సింహాచలం దేవస్థానం పంచగ్రామాల భూ వివాదం. వీటిలో ఒక్కటి పట్టించుకోకుండా జోన్‌లో ప్లాను ఇచ్చేస్తే, ఇల్లు సగం లేచాక ఆగిపోతుంది. నష్టపోయేది అప్పు చేసి కట్టుకున్నవాడు. రాష్ట్ర భవన నిర్మాణ నిబంధనలు 2017 నుంచి అన్ని పట్టణ సంస్థలకూ ఒకటే కాబట్టి నిబంధనల తేడా ఇప్పుడు చిన్నది. తేడా అంతా స్థలం మీద ఉన్న ఆంక్షల సమాచారంలో ఉంది. సర్వే నంబరు కొడితే ఏ ఆంక్షలున్నాయో కనిపించే పటం ఒకటి ప్రధాన కార్యాలయం తయారుచేసి, వార్డు ప్లానింగ్ కార్యదర్శి చేతికి ఇవ్వాలి. స్థలం కొనక ముందే వచ్చి అడిగేవాడికి ఆ కార్యదర్శి అక్కడికక్కడే జవాబు చెప్పగలగాలి. మేము చూసినంతలో ప్లాను విభాగం చేయగల అతి పెద్ద మేలు అదే.

వీధి వ్యాపారుల సంగతి పూర్తిగా తలకిందులు. దీన్ని కేంద్రీకరించకూడదు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే జరిగి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. ఖాళీ చేయించాల్సి వస్తే 30 రోజుల నోటీసు. పట్టణ విక్రయ కమిటీలో వ్యాపారుల ప్రతినిధులు 40 శాతానికి తగ్గకూడదు, వాళ్లలో మూడో వంతు మహిళలు. విలీనంలో జరిగే అన్యాయం ఏమిటంటే, పాత పురపాలక సంఘం ఇచ్చిన గుర్తింపు కార్డు చెల్లదని చెప్పి, కొత్త సర్వే మాత్రం మొదలుపెట్టకపోవడం. ఆ మధ్యకాలంలో భీమిలి బీచ్‌లో మొక్కజొన్న అమ్మేవాళ్లకు, గాజువాక కూడలిలో పళ్ల బండ్లవాళ్లకు ఏ రక్షణా ఉండదు. కొత్త సర్వే పూర్తయ్యేదాకా పాత కార్డు చెల్లుతుందని విలీనం రోజునే ఉత్తర్వు రావాలి. అమ్మే చోట్లు, వేళలు జోన్ కమిటీయే నిర్ణయించాలి. శనాదివారాల్లో బీచ్ రోడ్డు రద్దీ ఎలా ఉంటుందో ఆశీల్‌మెట్టలో కూర్చుని తేల్చలేరు.

జనన మరణ నమోదు మీద ఎక్కువ చర్చ అక్కర్లేదు. నమోదు పుస్తకాలు ఉన్నచోటే ఉండాలి, వెతకడం ఎక్కడినుంచైనా సాధ్యం కావాలి. 21 రోజుల గడువు, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు అన్న నియమాలు విలీనంతో మారవు.

ప్రమాదకర పరిశ్రమల చుట్టూ ఉన్న ప్రాంతాలకు మాత్రం ప్రత్యేక ఏర్పాటు తప్పదు. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి బయటికొచ్చి 12 మంది ప్రాణాలు పోయాయి. 1961లో మొదలైన కర్మాగారం అది. కాలక్రమంలో ఇళ్లు దాని గోడ దాకా వచ్చాయి. కర్మాగారం మీద అధికారం ఫ్యాక్టరీల శాఖది, కాలుష్య మండలిది. కానీ దాని పక్కన ఇంటి ప్లాను, బడి ప్లాను, కల్యాణ మండపం లైసెన్సు ఇచ్చేది స్థానిక సంస్థ. అందుకని విలీన ప్రాంతంలో ప్రమాదకర రసాయనాలు నిల్వచేసే ప్రతి ప్రాంగణం జాబితా, ఏ శాఖ ఏ అనుమతి ఇచ్చింది, గడువెప్పుడు అన్న వివరాలతో ప్రధాన కార్యాలయం దగ్గర ఉండాలి. దాని చుట్టుపక్కల ఏ ప్లాను దరఖాస్తు వచ్చినా ఆ జాబితా చూడకుండా ముందుకు కదలకూడదు. జోన్‌కు వదిలితే అధికారి బదిలీతో పాటు ఆ జ్ఞాపకమూ వెళ్లిపోతుంది.

ఒక్కసారిగానా, విడతలుగానా

రుసుములు విడతలుగా పెంచాలి, భద్రత ప్రమాణాలు మొదటి రోజు నుంచే ఒకటి కావాలి. ఈ రెంటినీ కలిపి చూడటం వల్లే గందరగోళం. పంచాయతీ రుసుము కట్టిన కొట్టుకు ఒకేసారి నగర రుసుము వేస్తే లైసెన్సు మానేస్తారు. మూడేళ్లలో, ఏటా మూడో వంతు తేడా చొప్పున పెంచితే కడతారు. ఆస్తి పన్నును 2021లో మూలధన విలువకు మార్చినప్పుడు రాష్ట్రం పెంపుకు 15 శాతం పరిమితి పెట్టింది కూడా ఈ భయంతోనే. కానీ గ్యాస్ సిలిండర్లు మెట్ల కింద పెట్టే హోటల్‌కు మూడేళ్ల గడువు ఇవ్వలేం. ప్రమాదం ఊరు చూసి రాదు.

నోటీసులు ఎందుకు వీగిపోతాయి

విలీనమైన తొలి ఏళ్లలో కోర్టుల్లో నిలవని నోటీసుల వెనుక సాధారణంగా రెండు కారణాలుంటాయి. ఒకటి, పాత చట్టం సెక్షను. పురపాలక సంఘంలో అక్రమ కట్టడానికి 228 సెక్షన్ కింద నోటీసు ఇచ్చిన అలవాటుతో, కార్పొరేషన్ అయ్యాక కూడా అదే ఫారం వాడతారు. ఇప్పుడు వాడాల్సింది కార్పొరేషన్ చట్టంలోని 452, పని ఆపించడానికి 461, కూల్చివేతకు 636. పాత ఫారాలు కట్టలకొద్దీ మిగిలి ఉంటాయి కాబట్టి అవి వాడుకలోంచి పోవు. వాటిని లెక్కపెట్టి వెనక్కి తీసుకోవడమే మందు.

రెండోది అధికార బదలాయింపు. చట్టం అధికారం ఇచ్చింది కమిషనరుకు. జోనల్ కమిషనరు, పట్టణ ప్రణాళిక అధికారి సంతకం పెట్టాలంటే కమిషనరు రాతపూర్వక ఉత్తర్వు ఉండాలి, అందులో ఏ సెక్షను, ఏ ప్రాంతం అన్నది స్పష్టంగా ఉండాలి. కొత్తగా కలిసిన ఊళ్ల పేర్లు ఆ ఉత్తర్వులో చేర్చకపోతే ఆ ఊళ్లలో ఇచ్చిన నోటీసులన్నీ బలహీనమే. మిశ్రమ పద్ధతి ఎంచుకున్నవాళ్లు దీన్ని అన్నిటికన్నా ముందు చూడాలి. ఎందుకంటే సంతకాలు పెట్టేవాళ్లు అక్కడే ఎక్కువ.

షోకాజు (సంజాయిషీ) నోటీసు ఇచ్చాక వచ్చిన జవాబును చదివి, దానిలోని ఒక్కో అభ్యంతరానికీ కారణం రాసి తుది ఉత్తర్వు ఇవ్వాలి. 'మీ జవాబు సంతృప్తికరంగా లేదు' అన్న ఒక్క వాక్యం చాలదు.

ఎంతమంది కావాలి

ఉదాహరణకు ఒక జోన్‌లో 10,000 వ్యాపార స్థలాలు ఉన్నాయనుకుందాం. ఒక అధికారి రోజుకు సరిగ్గా చేయగల తనిఖీలు నాలుగు. సెలవులు, సమావేశాలు, ఎన్నికల పని పోగా ఏడాదికి 200 రోజులు. అంటే ఏడాదికి 800. అందరినీ ఏడాదికోసారి చూస్తే 10,000 తనిఖీలు; లోపాలున్నచోట మళ్లీ వెళ్లడానికి 20 శాతం కలిపితే 12,000. 15 మంది కావాలి. ప్రమాదాన్ని బట్టి విడగొడితే: ఎక్కువ ప్రమాదమున్న 10 శాతం ఏడాదికి రెండుసార్లు, మధ్యస్థమైన 30 శాతం ఒకసారి, మిగిలిన 60 శాతం మూడేళ్లకోసారి. మొత్తం 7,000, మళ్లీ తనిఖీలతో 8,400. పదకొండు మంది సరిపోతారు, పైగా హోటళ్లనూ గోదాములనూ రెండింతలు చూసినట్టవుతుంది.

పోస్టులు మంజూరు కావని తెలిసినా అందరినీ ఏటా చూస్తామని రాసుకునే ప్రణాళికలో చివరికి ఆఫీసుకు దగ్గరగా ఉన్న కొట్లే తనిఖీ అవుతాయి. దూరపు గోదాములు కాగితం మీదే తనిఖీ అయిపోతాయి. అందుకని తనిఖీ నివేదికకు స్థలంలో తీసిన ఫొటో, జీపీఎస్ గుర్తు తప్పనిసరి చేయాలి. ఈ వారం ఎవరు ఏ కొట్లకు వెళ్లాలన్నది కంప్యూటర్ ఎంపిక చేయాలి, అధికారి కాదు.

ఒకే మనిషి అన్నీ చూడాలా, విభాగానికొకరు వెళ్లాలా అన్న ప్రశ్నకు జవాబు తేలికే. తక్కువ ప్రమాదమున్నచోట ఒకే పారిశుద్ధ్య ఇన్‌స్పెక్టరు ఒకే జాబితాతో వెళ్తే చాలు. హోటళ్లు, ఆసుపత్రులు, కల్యాణ మండపాలకు ఉమ్మడి తనిఖీ కావాలి. ఆహార నమూనా మాత్రం ఆహార భద్రత అధికారే తీయాలి, దాన్ని నాలుగు భాగాలు చేసి ముద్ర వేయాలి. కార్పొరేషన్ సిబ్బంది తీసిన నమూనా ఆ చట్టం కింద కేసుకు పనికిరాదు.

అనకాపల్లికి వేరే లెక్క

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక అనకాపల్లి జోన్ జీవీఎంసీలోనే ఉంది, జిల్లా మాత్రం వేరైంది. కలెక్టరు, పోలీసు, ఆహార భద్రత, తూనికలు కొలతలు, అగ్నిమాపక శాఖ అన్నీ అటు. కమిషనరు ఇటు. కాబట్టి ఉమ్మడి తనిఖీలకు విశాఖ బృందాన్నే అక్కడికి పంపలేరు. అనకాపల్లికి విడిగా బృందం, విడిగా నెలవారీ సమావేశం, ఆ జిల్లా అధికారులతో రాతపూర్వక ఒప్పందం కావాలి. బెల్లం మార్కెట్ ఉన్న ఊరు కాబట్టి కాటాల తనిఖీ అక్కడ పెద్ద పని. ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికోసారి, తూకపు రాళ్లకు రెండేళ్లకోసారి ముద్ర పడాలి. ఈ జోన్ ఒక్కదానికైనా జోనల్ కమిషనరుకు మిగతావాళ్లకన్నా ఎక్కువ అధికారాలు బదలాయించడం న్యాయమని మా అభిప్రాయం. లేకపోతే ప్రతి చిన్న నిర్ణయానికీ రెండు జిల్లాల మధ్య ఉత్తరాలు నడుస్తాయి.

విలీన ప్రాంతంలో ఉన్నవాళ్లు దగ్గర పెట్టుకోవాల్సినవి

వ్యాపారులైతే పాత లైసెన్సు, చివరి మూడేళ్ల రుసుము రసీదులు, అసెస్‌మెంటు నంబరున్న పన్ను రసీదు. ఇంటివాళ్లైతే పంచాయతీ ప్లాను, దాని రుసుము రసీదు, లేఅవుట్ ఆమోదం నంబరు, బీపీఎస్ (కట్టడాల క్రమబద్ధీకరణ) గానీ ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ల క్రమబద్ధీకరణ) గానీ కట్టి ఉంటే తుది ఉత్తర్వు. దరఖాస్తు పెట్టిన రసీదు ఒక్కటే ఉంటే క్రమబద్ధీకరణ పూర్తయినట్టు కాదు. చాలా ఇళ్లు అమ్మకం వేళ ఇక్కడే ఇరుక్కుంటాయి. ఏదైనా నోటీసు వస్తే ముందు మూడు చూడండి: ఏ చట్టం, ఏ సెక్షను, సంతకం ఎవరిది. జవాబు గడువు లోపల రాతపూర్వకంగా ఇచ్చి, ముద్ర వేసిన నకలు తీసుకోండి. నోటీసు తప్పుగా ఉందని తెలిసినా జవాబు ఇవ్వకుండా ఉండొద్దు. జవాబు లేదన్న కారణంతో వచ్చే తుది ఉత్తర్వును మార్పించడం తప్పుడు నోటీసును రద్దు చేయించడం కన్నా కష్టం. వార్డు సచివాలయంలో పని జరగకపోతే సోమవారం ప్రజా ఫిర్యాదుల వేదికలో అర్జీ పెట్టండి, అర్జీ నంబరు రాసుకోండి. అనకాపల్లి వాళ్లు ఒక్క విషయం గుర్తుంచుకోవాలి: ప్లాను, ట్రేడ్ లైసెన్సు మీద అర్జీ జీవీఎంసీకి, భూమి, ఆహారం, కాటా మీద అర్జీ అనకాపల్లి కలెక్టరేట్‌కు.